పురుగులింట్లో ఆరింటి మీటింగు

మా తమ్ముడి తాగుడు మాన్పించడానికి ఫోన్‌లో మీటింగు పెడతారని విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఎదురుగా నిలబడి అరిచినా వినని మనిషి, అరచేతిలో చిన్న చిన్న డబ్బాల్లో కనబడే మొహాలు చెబితే వింటాడా? కోలారు ఆసుపత్రిలో డాక్టరమ్మతో ఆ మాటే అన్నాను. ఆమె నాతో వాదించలేదు. "అరిచి చూసినారు కదమ్మా, ఇది కూడా చూడండి," అంది.

మాది టేకల్ దగ్గర పెద్ద పెద్ద రాతిగుండ్ల మధ్య ఉన్న ఊరు. కొద్దిగా మల్బరీ తోట, రెండు ఆవులు, పట్టుపురుగుల పెంపకం, ఇదీ మా బతుకు. నన్ను లక్కూరుకు ఇచ్చారు. నా మొగుడు మంచివాడే, తాగనప్పుడు. ఆ తాగని రోజులు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒక వానాకాలంలో లివరు చెడి మనిషే పోయాడు. నేను పుట్టింటికి తిరిగి వచ్చేసరికి నాన్న పోయి ఉన్నాడు, అమ్మకు మోకాళ్ళు పని చేయడం మానేశాయి, తమ్ముడి జేబులో మందు ప్యాకెట్ ఉంది. మా దిక్కు మందు అట్టడబ్బాల్లో కూడా అమ్ముతారు. పిల్లలు తాగే జ్యూసు డబ్బా మాదిరి ఉంటుంది, జేబులో పెట్టుకుంటే పైకి కనబడదు. వాడి చొక్కాలు ఉతికేటప్పుడు చూడకుండానే ఆ ప్యాకెట్ మూలలు నా వేళ్ళకు తగిలేవి. చూసిన కష్టాన్నే మళ్ళీ మొదటినుంచి చూడమంటున్నాడే దేవుడు అని ఏడుపొచ్చేది. మొగుడిని ఎట్లాగూ దక్కించుకోలేకపోయాను, వీడినైనా దక్కించుకోవాలి. అప్పట్లో నాకు అదొక్కటే ధ్యాస.

వాడిలో నాకు తాగుడుకన్నా ఎక్కువ భయం పుట్టించేది ఇంకొకటి ఉంది. ఎక్కువ తాగి, తప్పు చేశానని మనసుకు తగిలిందంటే ఇంక ఇంట్లో మొహం చూపించడు. "పోయ్యొస్తా అక్కా" అని వెళ్ళిపోతాడు. ఎక్కడికని వాడికే తెలియదు. చివరిసారి అట్లా పోయినవాడిని బంగారుపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఫిట్స్ వచ్చి పడిపోయి ఉంటే ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేసి చెప్పారు. నేను పోయేసరికి నోటి పక్కన రక్తం, కాళ్ళకు చెప్పుల్లేవు. నన్ను గుర్తుపట్టలేదు. అక్కడినుంచే కోలారుకు తీసుకుపోయాం. డాక్టర్లు కొన్నాళ్ళు ఉంచుకుని, మందు వంట్లోనుంచి దిగేదాకా చూసుకుని, మాత్రలిచ్చి పంపారు. మాత్రలతో పాటు మాటలు కూడా కావాలి, వారం వారం రండి అన్నారు. ఆవుల పాలు పిండి, ఆకు కోసి, రెండు బస్సులు మారి ఎన్ని వారాలు పోగలం? కొన్నాళ్ళకు మానేశాం. మాత్రలు అయిపోయి తిరిగి పోయినప్పుడు ఆ డాక్టరమ్మ ఫోన్ మీటింగు సంగతి చెప్పింది.

మొదట ఒక మేడం వాడితో విడిగా మాట్లాడాలంది. ఫోన్ నాది. ఎవరో చుట్టాలు మమ్మల్ని చూడటానికి వచ్చారన్నట్టు నేను తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వాడి పక్కనే కూర్చున్నాను. తెరమీద మేడం వచ్చింది. బెంగళూరు మనిషి, కన్నడంలో మొదలుపెట్టి మా మాట విని తెలుగులోకి దిగింది.

"తాగేది ఎప్పుడు మొదలుపెట్టినారప్పా?" అని అడిగింది.

"పదో క్లాసు ఫెయిలయినప్పటినుంచి మేడం," అన్నాను నేను.

"పొద్దున లేస్తానే తాగాలనిపిస్తాదా?"

"అనిపించేదేముండాది? పక్కలో పెట్టుకోని పండుకుంటాడు."

"నిద్ర పడతా ఉండాదా ఇప్పుడు?"

"వాడికి పడతాది. వాడి గురకకు మాకే పట్టదు. ఆవులు లేచి నిలబడుకుంటాయి."

మేడం చాలా మర్యాదగా, "అమ్మా, మీకు తాగుడు అలవాటు ఉండాదా?" అని అడిగింది.

"అయ్యో శివశివా! నాకెందుకుంటాది?"

"మరి నేను అడిగినదానికంతా మీరే చెప్తా ఉండారే?"

నా తమ్ముడు నవ్వాడు. పళ్ళు కనబడేట్టు, భుజాలు ఊగేట్టు నవ్వాడు. వాడు అట్లా నవ్వి ఎంత కాలమయిందో నేను మరిచిపోయాను. పరువు పోయిందని నాకు మొహం కందిపోయింది గానీ, ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు ప్రశ్నలకు కూడా నేనే జవాబు చెప్పి ఉండేదాన్ని.

మేడం నన్ను బయటికి పొమ్మంది. వాడొక్కడే కూర్చోవాలి, తలుపు మూసుకోవాలి, ఎవరికీ వినబడకూడదు. పట్నంలో ఉండేవాళ్ళకు ఇవన్నీ చాలా సులువైన మాటలు. మా ఇంట్లో ఉండేది ఒక నడవ, ఒక వంటగది. నడవలో అమ్మ మంచం. గోడకు అటువైపు చిన్నాయన వాళ్ళ ఇల్లు, వాళ్ళు దగ్గితే మాకు వినబడుతుంది. పైగా గుండ్ల చాటున ఉన్న ఊరు కాబట్టి ఇంట్లో సిగ్నల్ ఉండదు. మేడం మొహం సగంలో ఆగిపోయి, నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయేది. మా జాగాలో సిగ్నల్ బాగా వచ్చేది, తలుపు గట్టిగా పడేది, మూడో మనిషి రానిది ఒకే ఒక్క చోటు. గట్టు మీద ఉండే పురుగులిల్లు.

ఆ ఇంట్లోకి వాడికే ప్రవేశం లేదు.

పురుగులిల్లు అంటే పట్టుపురుగులు పెంచే గది. కిటికీలకు ఈగ కూడా దూరకుండా వల, లోపల ఒకదానిమీద ఒకటి పొడుగాటి స్టాండ్లు, వాటిమీద కొమ్మలతో సహా పరిచిన ఆకు, ఆకు నిండా పురుగులు. మా అమ్మకు అది పూజగదితో సమానం. కాళ్ళు కడుక్కుని, చేతులు బ్లీచింగు నీళ్ళలో ముంచి, ఉతికిన బట్టలతోనే లోపలికి పోవాలి. అగరొత్తి వెలిగించకూడదు, పౌడరు పూసుకోకూడదు. చుట్టాలొచ్చినా సరే బయటినుంచే పలకరించి పంపేస్తాం. బీడీ వాసన, మందు వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదని, రోగమొస్తుందని మా దిక్కు గట్టి నమ్మకం. నేను తిరిగి రాకముందు ఒకసారి తమ్ముడు తాగి వచ్చి ఆ గదిలోనే పడి నిద్రపోయాడట. ఆ పంట పురుగంతా సుద్దముక్కల్లా తెల్లగా బిగుసుకుపోయి చచ్చిపోయింది. పట్టుశాఖ ఆఫీసరు వచ్చి చూసి, తేమ ఎక్కువై బూజురోగం పట్టిందన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఆ రోజునుంచి వాడు పురుగులింటి గడప తొక్కకూడదని తీర్పు చెప్పేసింది.

మీటింగు కోసం అమ్మను ఒప్పించడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి, "తాగని దినం పోనీ. తాగినోడు మాత్రం ఆ తలుపు ముట్టకూడదు. అది నీ పూచీ," అంది. సరేనన్నాను. వాడు స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేవాడు. నేను అడ్డంగా నిలబడి "నోరు" అనేదాన్ని. వాడు నోరు తెరిచి నా మొహం మీదికి ఊదేవాడు. టూత్‌పేస్ట్ వాసన, కాఫీ వాసన, అప్పుడప్పుడు ఉల్లిగడ్డ. అప్పుడు పక్కకు జరిగేదాన్ని. ముప్పై దాటిన మగవాడు చిన్నపిల్లాడి మాదిరి అక్క ముందు నోరు తెరవడం వాడికి కష్టంగా ఉండదా? ఉండేదే. కానీ కిక్కురుమనలేదు.

వారానికి రెండు సార్లు సాయంత్రం ఆరింటికి, తాగుడు మానాలనుకునేవాళ్ళందరితో ఆ మేడమే నడిపే గ్రూపు మీటింగు. ఎవరూ సొంత పేరు చెప్పక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు. నా ఫోన్‌లో నా బొమ్మకు బదులు మా నల్లావు బొమ్మ ఉండేది. అందువల్ల గ్రూపులో మా తమ్ముడు కనబడే చోట నల్లావు కనబడేది. ఆండర్సన్‌పేటనుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, గనుల్లో పనిచేసి రిటైరయిన మనిషి, తాగుడు మానేసి చాలా కాలమయిందట. తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. మొదటి రోజే, "ఎన్నప్పా, ఆవు కూడా మందు తాగతాదా మీ ఊర్లో?" అన్నాడట. అందరూ నవ్వారట. ఆనాటినుంచి వాడిని "ఆవు తంబీ" అని పిలిచేవాడు. తమ్ముడు బయటికి వచ్చి నాకు ఇదంతా చెబుతూ నవ్వుతుంటే, ఆ ముక్కూ మొహం తెలియని పెద్దాయనకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

గ్రూపు మాటలు బయట చెప్పకూడదని నియమం ఉంది. ఆవు సంగతి తప్ప వాడు నాకేమీ చెప్పలేదు. నాకేమో లోపల ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని ఉండేది. గట్టు మీద కట్టెలేరుకుంటున్నట్టు, గడ్డి కోస్తున్నట్టు పురుగులింటి చుట్టూనే తిరిగేదాన్ని. ఒక రోజు వాడు కిటికీ వలలోనుంచి తొంగి చూసి, "అక్కా, ఆ గడ్డి నిన్న కోసేసినావు, ఇంగ యాడుండాది? మట్టి కోస్తా ఉండావా?" అన్నాడు. కొడవలి అక్కడే పారేసి ఇంటికి వచ్చేశాను.

కొద్దికొద్దిగా మార్పు కనబడింది. మీటింగు అయిపోయాక వాడు వెంటనే బయటికి వచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం చూద్దును కదా, ఎండిన కొమ్మలు ఏరి పక్కన పెడుతున్నాడు. ఇంకో రోజు దారి తప్పి కిందికి జారిన పురుగును అరచేతిలోకి తీసుకుని, దాని మీదికి ఊపిరి కూడా తగలకుండా మొహం పక్కకు తిప్పుకుని ఆకు మీద వదిలాడు. వాడి చేతుల వణుకు అప్పటికి తగ్గింది. చిన్నప్పుడు వాడికి ఈ పని ఎంత బాగా వచ్చో నాకు తెలుసు. నాన్న వెనకాలే తిరిగి, ఏ పురుగు పొర విడిచే నిద్రకు పోతుందో, ఏది లేచిందో దూరంనుంచే చెప్పేవాడు. అది తలుచుకుని ఆ పూట అన్నం కలుపుతూ ఏడ్చాను. ఉల్లిగడ్డ కోసినావా అని అమ్మ అడిగింది. అవునన్నాను.

ఆ మధ్య మేడం నాతో కూడా ఒకసారి మాట్లాడింది. ఇంట్లో వాళ్ళతో మాట్లాడటం కూడా వైద్యంలో భాగమేనట. "అమ్మా, ఈ దారిలో జారడం ఉంటాది. జారితే అంతా అయిపోయిందని అనుకోవద్దు. తాగిన దినం మాత్రం మీటింగు తప్పనీయొద్దు. మామూలు దినం కన్నా ఆ దినమే మనుషులు కావాల వాళ్ళకు," అంది. సరే మేడం అన్నాను. తాగిన రోజు వాడు ఆ తలుపు ముట్టకూడదని మా ఇంట్లో కట్టుబాటు ఉందని ఆమెకు చెప్పలేదు. చెప్పాలని కూడా తట్టలేదు. ఆ రోజు రాదనే నా ధీమా.

వచ్చింది. పురుగులు ఆఖరి ఈడులో ఉన్నాయి. ఆ ఈడులో అవి ఎంత ఆకు వేసినా మేసేస్తాయి, గది నిండా ఒకటే చప్పుడు. రేపోమాపో పండుతాయి. పండటమంటే పురుగు మేత మాని, ఒళ్ళు తేనెరంగుకు తిరిగి, గూడు కట్టడానికి తల పైకెత్తి వెతుక్కోవడం. అప్పుడు దాన్ని ఏరి చంద్రికలనే తడకల మీదికి ఎక్కించాలి. అన్నీ ఒక్కసారే పండుతాయి, ఒక్క పూట ఆలస్యం చేస్తే దారం ఎక్కడబడితే అక్కడ కక్కేస్తాయి. అందుకని ఎక్కించే రోజు చేతులు ఎన్ని ఉంటే అంత మంచిది. మేం ప్రతిసారీ ఊళ్ళో ఇద్దరు ఆడమనుషులను కూలికి పిలుచుకునేవాళ్ళం. తమ్ముడిని లెక్కలోకి తీసుకునేవాళ్ళం కాదు.

ఆ ఉదయం వాడి బడిస్నేహితుడు పోయాడని కబురొచ్చింది. వీడితో కలిసి బడికి పోయినవాడు, కలిసి తాగినవాడు. గుంత తవ్వడానికి నలుగురు కావాలన్నారు. మా దిక్కు గుంత తవ్వినవాళ్ళకు మందు పోయడం రివాజు. అది కూలి కాదు, మర్యాద. వద్దంటే పోయినవాడిని అవమానించినట్టు చూస్తారు. నాకు ఇవన్నీ తెలుసు. పోవద్దని ఎట్లా చెప్పను? స్నేహితుడి గుంత తవ్వవద్దని ఏ నోటితో చెప్పను? "బిన్నా వచ్చేయప్పా, ఆరింటికి మీటింగుండాది," అన్నాను అంతే.

సాయంత్రం మీటింగు వేళ అవుతుంటే నేను పురుగులింటి తలుపు దగ్గర నిలబడ్డాను. వాడు రాలేదు. చూస్తే ఆకు కుప్ప అవతల, కాళ్ళకు చేతులకు ఎర్రమట్టితో, తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. నోరు చూపించమని అడగాల్సిన పనే లేకపోయింది.

"అక్కా," అన్నాడు తల ఎత్తకుండా. "ఈపొద్దు రాలేనని మేడానికి మెసేజ్ పెట్టు."

"ఎందుకు రాలేవు?"

"ఎందుకో నీకు తెలీదా? వాని మట్టి మీద నిలబడుకోని చేతికిచ్చినారు. కాదనేదానికి నోరు రాలే." లేచి నిలబడ్డాడు. లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "పోయ్యొస్తా అక్కా," అన్నాడు.

ఆ మాట వినగానే బంగారుపేట ప్లాట్‌ఫారం కళ్ళముందుకు వచ్చింది. ఇప్పుడు వీడిని పోనిస్తే మళ్ళీ ఎక్కడ, ఏ స్థితిలో దొరుకుతాడు? అసలు దొరుకుతాడా? తాగిన దినమే మనుషులు కావాలన్న మేడం మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ మనుషులు ఉండేది నా వెనకాల, తలుపు అవతల. వాడిని వాళ్ళ దగ్గరికి పోనివ్వకుండా తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నది నేనే. లోపల ముగ్గురు మనుషుల తిండి, ఆరు నెలల బియ్యం, అమ్మ నమ్మకం అన్నీ ఆకు మేస్తున్నాయి.

నేను పోయి వాడి చెయ్యి పట్టుకున్నాను. "రా," అన్నాను.

"యాడికి?"

"లోపలికి."

వాడు చెయ్యి విడిపించుకోబోయాడు. "నీకేమైనా పిచ్చా అక్కా? రేపు పండే పురుగులు. నా వాసన తగిలితే పంట పోతాది."

"పోతే ఈ పంట పోతాది. ఇంగో పంట పెట్టుకుంటాం. నిన్ను యాడినుంచి తెచ్చుకునేది రా నేను?" అని అరిచాను. ఇన్నేళ్ళలో వాడిని ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు, కానీ ఈ మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వాడు నా మొహం వంక చూసి ఇంక గింజుకోలేదు.

తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ రుద్ది రుద్ది కడుక్కున్నాడు. చొక్కా విప్పి అక్కడే పడేశాడు. నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు, మళ్ళీ పుక్కిలించాడు. తర్వాత దండెం మీద ఆరేసిన నా పాత తువ్వాలు తీసి, నీళ్ళలో ముంచి పిండి, ముక్కూ నోరూ మూసుకుపోయేట్టు బిగించి వెనక ముడి వేసుకున్నాడు. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. "ఇట్లయితే కొంచెం మేలు," అని గుడ్డలోనుంచే గొణిగాడు. తాగిన మత్తులో కూడా వాడు పురుగులకు ఊపిరి తగలకుండా చూస్తున్నాడు. ఇట్లాంటి వాడిని మేమింత కాలం గడప బయట నిలబెట్టాం.

స్టాండ్లకు దూరంగా తలుపు మూలలో కూర్చోబెట్టి, ఫోన్ వాడి ముందు పెట్టి నేను బయటికి వచ్చేశాను. వినకూడదు. విన్నాను.

వాడు ఆ రోజు కెమెరా తెరిచినట్టున్నాడు. మేడం గొంతు, "ఏమప్పా, మొహానికి ఆ గుడ్డ ఏమి?" అని అడిగింది.

పురుగులు మేసే చప్పుడులో వాడు, "తాగినాను మేడం," అన్నాడు. "ఈపొద్దు తాగినాను. నేనుండేది పురుగులింట్లో. ఈటికి వాసన తగలకూడదని కట్టుకున్నాను."

ఎవరైనా తిడితే ఫోన్ లాగేసుకుందామని నేను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. ఆండర్సన్‌పేట పెద్దాయన గొంతు వినబడింది. "తంబీ, నేను తాగే దినాల్లో నా పెండ్లాం పక్కనే ఉన్నా మొహం మీదే ఊపిరి ఇడస్తా ఉంటిని. నువ్వు పురుగులకు ఇచ్చే మర్యాద నేను నా ఇంటిదానికి ఇయ్యలే. ఆమె పోయినంక తెలిసినాది. సెరి, చెప్పు. ఎవురు పోయినారు? ఆ గొంతు చూస్తే ఎవురో పోయినట్ల ఉండాది."

అప్పుడు వాడు ఏడ్చాడు. గుడ్డలోనుంచి ఏడుపు వింతగా వచ్చింది. స్నేహితుడి గురించి చెప్పాడు. ఇద్దరూ టేకల్ గుండ్లెక్కి పరీక్షలు ఎగ్గొట్టిన సంగతి, ఆ గుండ్ల మీదే మొదటి ప్యాకెట్ ఇద్దరూ పంచుకున్న సంగతి, ఈపొద్దు వాడి మీద మట్టి వేసింది తన చేతులేనన్న సంగతి. అవన్నీ నాకు తెలియనివే. పదో క్లాసు ఫెయిలయ్యాక మొదలుపెట్టాడని మేడంకు ఎంత ధైర్యంగా చెప్పాను!

గట్టు కిందనుంచి కర్ర చప్పుడు వినబడి తిరిగి చూశాను. అమ్మ వస్తోంది. మోకాళ్ళ నొప్పితో ఆమె గట్టెక్కడం ఎప్పుడో మానేసింది. ఆకు వేసే వేళ దాటినా నేను దిగిరాకపోయేసరికి ఏమయిందోనని బయల్దేరినట్టుంది. తొట్టి దగ్గర పడేసిన మట్టిచొక్కాను చూసింది. మూసిన తలుపును చూసింది. నా మొహం చూసింది.

"లోపల ఎవురు?"

"తమ్ముడు."

"తాగినాడా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తాగినాడమ్మా. నేనే లోపలికి తీసకపోయినాను. తిట్టేది ఉంటే నన్ను తిట్టు."

అమ్మ కర్ర పట్టుకుని తలుపు వైపు నడిచింది. నేను అడ్డం పోలేదు. పోయే ధైర్యం చాల్లేదు. ఆమె తలుపు మీద చెయ్యి వేసేసరికి లోపలినుంచి మేడం ప్రశ్న వినబడింది. "రేపు ఎట్లప్పా? ఇట్లా అయినప్పుడల్లా ఇల్లు ఇడిచి పోతావని చెప్పినావు కదా. రేపు ఏమి చేస్తావు?"

అమ్మ చెయ్యి తలుపు మీద అట్లాగే ఉండిపోయింది.

కుర్చీ కదిలిన చప్పుడు. లేచి స్టాండ్ల దగ్గరికి పోయి చూస్తున్నాడని అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"రేపు యాడికీ పోయేదానికి లేదు మేడం," అన్నాడు. "ఇప్పుడు చూసినాను, పైవరసలో తలలెత్తతా ఉండాయి. తెల్లారేసరికి అన్నీ పండతాయి. మా అక్క ఒక్కతే ఎక్కించలేదు. మా అమ్మ నిలబడుకోలేదు. రేపు నేను ఉండాల."

నేను గడప పక్కన కూలబడి, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా మొగుడు నాతో కాపురం చేసినన్నాళ్ళూ రేపటి సంగతి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నేనూ అడగడం మానేశాను. రేపు ఉంటానని ఒక మనిషి చెబితే వినడం ఎట్లా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

అమ్మ తలుపు మీదినుంచి చెయ్యి తీసేసింది. గోడ పట్టుకుని మెల్లగా ఒంగి, మోకాళ్ళు పట్టేస్తుంటే అమ్మా అనుకుంటూ నా పక్కన రాతి మెట్టు మీద కూర్చుంది. లోపల పెద్దాయన ఏదో అన్నట్టున్నాడు, తమ్ముడు గుడ్డలోనుంచే చిన్నగా నవ్వాడు. ఆకు వేసే వేళ దాటిపోయింది. లోపలికి పోనా అన్నట్టు నేను లేవబోతే అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"గమ్మునుండు. మాట్లాడుకోనీ," అంది. ఇంకాసేపటికి, ఊళ్ళో దీపాలు వెలగడం చూస్తూ, "రేపటికి ఎవుర్నీ కూలికి పిలవద్దులే," అంది. "మనం ముగ్గురం ఉండాం కదా."